బొటనవేలు కిందికి

మా జిల్లాలో నీళ్లు పడాలి. నేను పడ్డాను. అదీ చెరువు కట్ట మీద ఊరంతా నిలబడి చూస్తుండగా, స్కీ ఒక పక్క, నేను ఒక పక్క, నా పరువు ఇంకో పక్క.

ఆ చెరువులో నేనేం చేస్తున్నానో ముందు చెప్పాలి. నీళ్ల మీద స్కీయింగ్. ముందు మోటారు పడవ పోతుంటుంది, దానికి కట్టిన తాడు పట్టుకుని వెనక మనం, కాళ్ల కింద సన్నటి బల్ల. ఇందులో స్లాలొం అని ఒక రకం ఉంది. నీళ్లలో ఆరు బంతులు తేలుతుంటాయి, మూడు ఎడమన, మూడు కుడిన. పడవ వాటి నడుమ తిన్నగా పోతుంది. మనం ఒకే స్కీలో రెండు పాదాలూ ఒకదాని వెనక ఒకటి ఇరికించుకుని, జంట బంతుల ద్వారం లోంచి దూరి, పాములాగా మెలికలు తిరుగుతూ ఆరింటినీ చుట్టి, చివర అలాంటిదే ఇంకో ద్వారం లోంచి బయటపడాలి. తిన్నగా పోయేదాని వెనక తిన్నగా పోకుండా ఉండటమే ఆట. ఇంట్లో నాకు తిన్నగా పోడన్న పేరు చిన్నప్పటి నుంచీ ఉంది కాబట్టి పెద్దగా కష్టపడకుండానే నేర్చుకున్నాను.

నేర్చుకున్నది బెంగళూరు అవతల, చెరువు పక్కనున్న ఒక క్లబ్బులో. నా ఉద్యోగం తాళ్లు చుట్టడం, లైఫ్ జాకెట్లు ఆరేయడం. సభ్యులు ఆడుకుని వెళ్లాక, మిగిలిన వెలుతురులో పనివాళ్లం తలా ఒకసారి ఎక్కేవాళ్లం. ఆ లోకంలో ఎవరూ మనిషి పేరు అడగరు. ‘ఎన్ని?’ అని అడుగుతారు. ఎన్ని బంతులు అని. జవాబును బట్టి కుర్చీ చూపిస్తారో, తాడు చూపిస్తారో తేలుతుంది. అక్కడున్నన్నాళ్లూ నా జవాబు ఐదు. ఐదో బంతి చుట్టి ఆరోదాని వైపు తిరగగానే ఏదో అయ్యేది. ఏమయ్యేదో నాకు తెలీదు, అప్పటికి నేను నీళ్ల కింద ఉండేవాణ్ణి. చివరికి అదే పేరైంది. “ఐదు వచ్చాడా? ఐదుకు చెప్పండి, తాళ్లు చుట్టమని.”

క్లబ్బు కొత్త పడవ కొన్నప్పుడు పాతదాన్ని ఏం చేయాలో వాళ్లకు తోచలేదు. నాకివ్వమన్నాను. ఇచ్చేశారు. మంచి పడవే. నడుమ ఇంజను, దాని ముందు తాడు కట్టే ఇనుప గుంజ, వెనక అల పెద్దగా లేవకుండా చదునైన అడుగు. స్పీడు చూపించే ముల్లు మాత్రం ఎప్పుడో ప్రాణం విడిచింది. దాన్ని లారీ మీద ఎక్కించుకుని ఇంటికి బయల్దేరాను. గోరంట్లలో టీ కోసం ఆగితే పడవ చుట్టూ జనం చేరారు.

“ఏమప్పా, దీన్ని యాడికి తీసకపోతాండావు?” అన్నాడొక పెద్దమనిషి.

“గుత్తికన్నా.”

“గుత్తికి సముద్రం ఎప్పుడొచ్చె?”

“ఇంగా రాలేదు. వచ్చినాక పడవ లేదని బాధపడకూడదని.”

ఆయన లారీ డ్రైవరును పక్కకు పిలిచి, ఈ పిల్లోణ్ణి జాగ్రత్తగా ఇంట్లో దించమని చెప్పాడు.

మా నాయనది డ్రిప్పు పైపులు, మోటారు సామాన్ల దుకాణం. దుకాణం వెనక ఖాళీ జాగాలో పడవను దించుతుంటే చూశాడు. వ్యాపారస్తుడు. సరుకు దిగాక తిట్టి లాభం లేదని ఆయనకు తెలుసు. మర్నాడు అందులో బుడ్డలు ఆరబోశాడు. బుడ్డలంటే వేరుశనక్కాయలు. మా ఇంట్లో ఏ వస్తువైనా ఇల్లు ఒప్పుకుందని చెప్పడానికి గుర్తు, దాంట్లో బుడ్డలు ఆరబోయడం. డ్రైవరు సీటు కింద ఒక పిల్లి ఈనింది. అలా మా పడవకు మొదటి ప్రయాణికులు దొరికారు.

తరవాత, ఎవరూ నమ్మని పని జరిగింది. వానలు పడ్డాయి. వాటికి కాలువ నీళ్లు తోడై చెరువు నిండి మరువ మీదుగా, అంటే అలుగు మీదుగా, పొర్లింది. నా ఈడువాళ్లకు చెరువంటే క్రికెట్ ఆడుకునే చోటు. మా పిచ్ అడుగున ఎక్కడో చేపలకు ఉపయోగపడుతోంది. ఆడవాళ్లు పసుపు కుంకుమలతో వచ్చి గంగమ్మకు పూజ చేశారు. నీళ్లలోకి చీర వదిలారు. ముసలివాళ్లు కట్ట మీద కూర్చుని, చెరువు మళ్లీ ఎక్కడికైనా పోతుందేమోనని కాపలా కాస్తున్నట్టు పొద్దస్తమానం చూశారు.

నాయన పడవలోంచి బుడ్డలు తీసేశాడు. “తీసకపో. నీ సముద్రం వచ్చినాది” అన్నాడు. మా ఇంట్లో దీన్ని ఆశీర్వాదం అంటారు.

అయితే సముద్రానికి గడువుంది. ఆయకట్టు రైతులు నారుమళ్లు సిద్ధం చేసుకుంటున్నారు. అవి తయారవగానే పొలాలకు నీళ్లు వదిలే నీరుగంటి తూము ఎత్తుతాడు. నీళ్లు వరికి పోతాయి, నా బంతులు బురదలో కూర్చుంటాయి. ఈ చెరువు మళ్లీ నిండేసరికి నాకు మోకాళ్ల నొప్పులు వచ్చి ఉండొచ్చు. ఆ లోపల నేను ఆరు చుట్టాలి. లేదంటే బతికినంతకాలం నా పేరు ఐదే.

పడవ నీళ్లలో దిగే రోజున మా అమ్మ నిమ్మకాయలు తెచ్చింది. కొత్త బండైతే చక్రాల కింద పెట్టి తొక్కిస్తారు. దీనికి చక్రాలు లేవు. కొంత చర్చ జరిగాక, పడవను మోసుకొచ్చిన ట్రాక్టరు చక్రాల కింద పెట్టారు. ఆ ట్రాక్టరుకు ఇప్పటికీ ఏ దిష్టీ తగల్లేదు. జాతర అంగట్లో దొరికే ఎర్ర ప్లాస్టిక్ బంతులకు తాళ్లు కట్టి, రాళ్లు నింపిన గోతాలను లంగరు వేసి, దూరాలు డ్రిప్పు పైపుతో కొలిచి ఆరింటినీ, ముందూ వెనకా ద్వారాలనూ నిలబెట్టాను.

పడవ తోలడానికి బోరు మామ వచ్చాడు. బోరు బండి నడిపి నడిపి మానేసినవాడు, నాయన దుకాణంలో రోజూ టీ తాగేవాడు. ఆయనది సాయిబుల ఇల్లు, మాది శెట్ల ఇల్లు. నేను పుట్టినప్పటి నుంచి ఆయనకు అల్లుణ్ణి. జిల్లా అంతా చిల్లులు పొడిచాడు. వజ్రకరూరు పక్క భూమిలో వజ్రాలుంటాయంటారు, మామకు అక్కడా దుమ్మే వచ్చింది. కానీ ఆయన చెయ్యి తిన్నన. బోరు వంకర పోకూడదు, స్లాలొం పడవా పోకూడదు. ఇంతకంటే మంచి డ్రైవరు దొరకడనుకున్నాను. ఇప్పటికీ అదే మాట మీద ఉన్నాను, మధ్యలో కొన్నాళ్లు తప్ప.

పడవకు, స్కీ మీదున్నవాడికి మధ్య మాటలు కుదరవు. ఇంజను చప్పుడు. ముల్లు పనిచేయని పడవలో వేగం ఎంత కావాలో వెనకున్నవాడే సైగతో చెప్పాలి. బొటనవేలు పైకి చూపిస్తే పెంచు, కిందికి చూపిస్తే తగ్గించు. ఇది లోకమంతటికీ తెలుసు కాబట్టి నేను మామకు చెప్పలేదు.

మొదటిసారి పడవ లాగింది, నేను లేచాను. కట్ట మీద ఈలలు. వేగం చాలలేదు. బొటనవేలు పైకెత్తాను. మామ వెంటనే ఇంజను కట్టేశాడు. నేను నిలబడ్డవాణ్ణి నిలబడ్డట్టే, జాతీయ జెండా దించినంత గౌరవంగా, మెల్లగా మునిగాను.

“ఎందుకు నిలిపితివి మామా?”

“పైకి ఎత్తమంటివి కదా అల్లుడా!”

“ఏం ఎత్తాల?”

“రాడ్లు...” అనేసి, చుట్టూ నీళ్లు చూసి ఆగిపోయాడు.

నేను అప్పటికీ అర్థం చేసుకోలేదు. రెండోసారి వేగం మరీ ఎక్కువైతే తగ్గించమని బొటనవేలు కిందికి చూపించాను. మామ పళ్లు బిగించి యాక్సిలరేటర్ చివరి దాకా తోశాడు. నేను గాల్లో ఉన్న కాసేపట్లో మరువ, కట్ట, గుత్తి కోట అన్నీ ఒకేసారి కనిపించాయి. జిల్లా అందంగానే ఉంది.

ఒడ్డున తేల్చుకున్నాం.

“బోరు కాడ వేలు కిందికంటే దించు, ఒత్తు. పైకంటే రాడ్లు ఎత్తు, పని ఐపాయ. లోకమంతా ఇదే కదప్పా?” అన్నాడు మామ.

“కాదు మామా. లోకమంతా పైకంటే ఇంగా కావాల అని.”

“అదేం లోకమప్పా? పైకి తీస్తే నీళ్లెట్లా వస్తాయి?”

అయినా ఆయన నా భాష నేర్చుకుంటానని ఒప్పుకున్నాడు. తల నేర్చుకుంది, చెయ్యి నేర్చుకోలేదు. వేలు పైకి కనబడితే చెయ్యి తనంతట తానే ఇంజను కట్టేసేది. నేను మునిగేవాణ్ణి, ఆయన “తప్పైపాయ అల్లుడా” అనేవాడు, కట్ట మీద ఎవరో “పడ్య! మల్లా పడ్య!” అని అరిచేవారు. మా ఊళ్లో అంతగా పడినది వానల తరవాత నేనే. చివరికి నేనే బోరు భాషలోకి మారాను. తాడు లాగమనడానికి “దించు!” పెంచడానికి వేలు కిందికి. ఆపడానికి వేలు పైకి.

“ఇంగో సైగ గూడా ఉండాది” అన్నాడు మామ, ఒక సాయంత్రం పడవ తుడుస్తూ. “నీళ్లు పడితే చూపించేది. రెండు చేతులూ ఇట్ల పైకెత్తి...” చేతులు సగం లేపి ఆగాడు. “వేళ్లు మూసేదా, తెరిసేదా? వాడక లేక మరిసిపోతి.”

ఇద్దరం నవ్వాం. ఆయన నాకంటే కొంచెం తక్కువ నవ్వాడు.

భాష కుదిరాక బంతులు కుదిరాయి. మూడు, నాలుగు, ఐదు. ఐదు, ఐదు, మళ్లీ ఐదు. బెంగళూరు నుంచి లారీలో నాతోపాటు అది కూడా వచ్చిందని తెలిసిపోయింది. అప్పుడు నీరుగంటి కట్ట దిగి వచ్చాడు.

“రేపు పొద్దున్నే తూము ఎత్తుతాండాం. మీ ఆటలేమన్నా ఉంటే అంతలోపల కానీయండి.”

“ఒక్క రోజు ఆగితే కాదా అన్నా?”

“నువ్వు బంతులు తిరిగితే నాకు వడ్లు పండుతాయా?”

న్యాయమైన ప్రశ్న. ఒప్పుకున్నాను.

ఆ పొద్దున గాలి లేదు. చెరువు పలకలా ఉంది. తూము ఎత్తడం చూడ్డానికి వచ్చిన జనం, ఎలాగూ వచ్చాం కదా అని నన్నూ చూడ్డానికి నిలబడ్డారు. నాయన దుకాణం తెరవకుండా వచ్చాడు. ఆయన దుకాణం తెరవని రోజు నాకు గుర్తు లేదు. గుండె బరువెక్కాల్సిన చోటే గానీ, లైఫ్ జాకెట్ బిగుతుగా ఉంది.

తాడు సాగింది. మోకాళ్లు ఛాతీకి ఆనించి, స్కీ ముక్కు నీళ్ల పైన పెట్టి “దించు!” అని అరిచాను. పడవ లాగింది. లేచాను. వేగం ఇంకొంచెం కావాలి. ఎడం చేత్తో బొటనవేలు కిందికి చూపించాను.

కట్ట మీద నిట్టూర్పు లేచింది. వాళ్లకు బోరు భాష తెలియదు. “వద్దంటాండాడప్పా”, “భయపడినాడు” అన్నారట. నాయన తువ్వాలు భుజాన వేసుకుని దుకాణం వైపు తిరిగాడట. ఇవన్నీ తరవాత తెలిశాయి. అప్పుడు నాకు తెలిసింది ఒక్కటే. మామ ఒత్తాడు, సరిగ్గా కావలసినంత.

ద్వారం దాటాను. ఒకటి. తాడుకు ఎదురు వాలి, పిడి తుంటి దగ్గరే పెట్టుకుని అల మీంచి అవతలికి. రెండు. మూడు. క్లబ్బులో ఒక పెద్దాయన ఎప్పుడూ చెప్పేవాడు, బంతిని చూడకు, అవతలి ఒడ్డును చూడు అని. అక్కడ అవతలి ఒడ్డున హోటళ్లుండేవి, నాకు వాటిని చూడబుద్ధి కాలేదు. ఇక్కడ ఒక పక్క కోట కొండ, ఇంకో పక్క చెరువు కట్ట. కొండను చూస్తూ ఇటు తిరిగాను, కట్టను చూస్తూ అటు. నాలుగు. ఐదు.

ఐదో బంతి దగ్గర అలవాటు ప్రకారం శరీరం పడటానికి సిద్ధమైంది. నేను కొండ వైపు తల తిప్పాను. కొండ ఉన్నచోటే ఉంది. అంత పెద్ద కోట ఎటూ కదలకుండా నిలబడితే నేను మాత్రం ఎందుకు పడాలి అనిపించింది. తాడు బిగిసింది, స్కీ అంచు నీళ్లను కోసింది, అల దాటాను. ఎర్రగా ఆరో బంతి. ఒక చెయ్యి వదిలి, చాచి, చుట్టాను. మళ్లీ పిడి రెండు చేతుల్లోకి. బయటి ద్వారం.

ఆరు.

తాడు వదిలేసి, నులక మంచం మీద కూర్చున్నట్టు మెల్లగా నీళ్లలోకి దిగాను. కట్ట మీద ఒకటే కేకలు. సగం మంది గెలిచానని, సగం మంది మునిగానని. మామ ఇంజను ఆపి పడవలో లేచి నిలబడ్డాడు. రెండు చేతులూ నిండా పైకెత్తి, పది వేళ్లూ విప్పాడు. తెరవాలని గుర్తొచ్చినట్టుంది. ఎత్తిన చేతులు చాలాసేపు దించలేదు. పడవ తనంతట తాను గట్టు వైపు పోతోందని నేనే అరిచి చెప్పాల్సి వచ్చింది.

ఒడ్డుకొచ్చేసరికి నీరుగంటి తూము ఎత్తాడు. జనం నన్నొదిలేసి నీళ్ల వెంట పరుగెత్తారు. సరైన నిర్ణయమే. నేను తినడానికి పనికిరాను. మామ ఒక్కడే నన్ను పైకెత్తబోయి, నడుము పట్టేస్తే కింద పెట్టాడు. నాయన తువ్వాలు తెచ్చి నా తల మీద వేశాడు.

“నువ్వు వేలు కిందికి చూపిస్తానే నేను ఎనక్కి తిరిగి పోతాంటి. జనం అరిస్తే చూస్తి. నేను చూసింది ఒక్క బంతే. ఆఖరుది. మిగతా ఐదు తిరిగినావా లేదా అని ఎవరన్నా అడిగితే నన్ను సాక్ష్యం పిలవొద్దు.”

పర్వాలేదన్నాను. మొదటి ఐదింటికీ బెంగళూరు నిండా సాక్షులున్నారు. ఆరోదానికే ఇన్నాళ్లూ ఎవరూ లేకపోయారు.