వంతెన మీద చింతపిక్కలు

ఈ రోజు జూట్ మిల్లులో షిఫ్టు దిగాక, మా అక్క ఇంట్లో బావతో నెపోలియన్ కాలంనాటి ఒక యుద్ధం ఆడాను. ఆస్ట్రియాలో ఎబెల్స్‌బర్గ్ వంతెన దగ్గర జరిగింది, ఎవరూ పెద్దగా చెప్పుకోరు. బల్ల మీద సుద్దతో నది గీసి, అగ్గిపెట్టెలతో వంతెన కట్టాను. ఫ్రెంచివాళ్ళు చింతపిక్కలు, ఆస్ట్రియావాళ్ళు గురివింద గింజలు. ఎవరు చచ్చారో గవ్వలు వేసి తేల్చాలి.

బావ ఫ్రెంచి సేనాని. ఎగువన మరో ఫ్రెంచి దళం అప్పటికే నది దాటేసిందనీ, రెండు ఎత్తులు ఆగితే శత్రువు తనంతట తానే పోతాడనీ ముందే చెప్పాను. వింటేనా! పిక్కల్ని వరసగా వంతెన మీదికి తోశాడు. ఇరవైలో పదమూడు పోయాయి.

"ఆగమన్నాను గదా బావా, ఎందుకు తోసీసినావు?" అన్నాను.

"ఎనకాల నెపోలియన్ సూస్తన్నాడు గదరా! ఊరికే కూకుంటే నన్నేటనుకుంటాడు? పిక్కలే గదేటి, బామ్మర్దీ!" అని నవ్వాడు.

నాకు ఒళ్ళు మండింది. మిల్లులో మా లైనుకి సర్దారు ఈ బావే. మేనేజరు అటు వస్తే చాలు, మిషను ఆపకుండానే ఇరుక్కున్న నార లాగమంటాడు. కిందటి వారం నా పక్కవాడి వేలు పోయింది.

"రేపట్నుంచి మిషను ఆగితేనే సెయ్యెడతాను. నెపోలియనొచ్చినా అంతే," అన్నాను.

బావ గవ్వలు విసిరేసి లేచిపోయాడు. అక్క ఇంట్లో నాకిక అన్నం పుడుతుందో లేదో! ఈ కాగితం మన మిల్లువాళ్ళు పేపరు చదువుకునే రీడింగ్ రూము గోడకి అంటిస్తున్నాను. మా లైనులో నాతో ఎవరెవరున్నారో కింద రాయండి, పేర్లతో సహా.