నేను రౌడీనైన ఆదివారం

తిరువళ్లూరులోని మా చిన్న చర్చిలో మైకు పట్టుకుని నోరు తెరిచినందుకు నేను జైలుకు వెళ్లబోయిన కథ ఇది. నవ్వుకోండి, ఫరవాలేదు. ఆ ఆదివారం నాకు మాత్రం ఒళ్లంతా చెమటలే.

ముందు నా ధైర్యం సంగతి చెప్పాలి. బొద్దింక ఎదురొస్తే పక్కకు తప్పుకునే మనిషిని నేను. కనకమ్మ సత్రం అనే ఊరి పక్కన పల్లెలో పుట్టి, తిరువళ్లూరు దగ్గర ఒక ఫ్యాక్టరీలో పనికి చేరాను. అక్కడ సూపర్‌వైజర్ దగ్గినా "సారీ సార్" అనేవాణ్ణి. పెళ్లయ్యాక మా ఆవిడ కరుణ వెంట చర్చికి వెళ్లడం మొదలైంది. మొదట ఆమెకు భయపడే వెళ్లాను. పోనుపోను ఆ ప్రార్థనలో కూర్చుంటే గుండెదడ కాస్త సర్దుకునేది, నేనూ ఒక మనిషినే అనిపించేది. చివరికి బాప్తిస్మం ఇమ్మని నోరు తెరిచి నేనే అడిగాను.

చిక్కంతా సాక్ష్యం దగ్గర వచ్చింది. బాప్తిస్మానికి ముందు అందరి ఎదుటా నిలబడి, నేను ఎవరిని, దేవుడు నన్ను ఎలా మార్చాడు అని చెప్పాలి. నాకంటే ముందు చెప్పిన పెద్దాయన ఏకంగా సారాయిలో ఈదిన మనిషి. ఆయన తరవాత లేచి నేనేం చెప్పను? కుక్కలంటే భయమనా?

"ఉండేది చెప్పు, చాలు," అంది కరుణ.

"నాకాడ ఏముండాది చెప్పేదానికి?"

ఆ ఆదివారం మైకు చేతికిచ్చారు. అందరి కళ్లూ నా మీదే. ఆ భయంలో నా నోట్లోంచి ఎవడో మాట్లాడాడు.

"నేను పెద్ద రౌడీని!"

"స్తోత్రం!" అన్నారు జనం.

ఆ మాట నా తలకెక్కింది. "కనకమ్మ సత్రంలో నన్ను చూస్తే అంగళ్లు మూసేటోళ్లు!"

"స్తోత్రం!"

"ఒకడి చెవి కూడా కోసినాను!"

కరుణ కొంగు ముఖం మీదికి లాక్కుంది.

ఆరాధన ముగిశాక వెనకనుంచి నా భుజం మీద బరువైన చెయ్యి పడింది. చూస్తే, చర్చిలో అందరూ ఏట్టయ్య అని పిలిచే పాత పోలీసాయన. హెడ్ కానిస్టేబుల్‌గా రిటైరైనా మీసాలు మాత్రం ఇంకా డ్యూటీలోనే ఉన్నాయి.

"తంబీ, కనకమ్మ సత్రం చెవి కేసు నువ్వేనా?"

"ఏ... ఏ కేసు మామా?"

"ఇన్నేండ్లయినా కోసినోడు దొరకలేదే! ఏ చెవి కోసినావు?"

"కుడి... కాదు, ఎడమ..."

"రెండూనా!" కళ్లు పెద్దవి చేశాడాయన. "రేపు పొద్దున స్టేషన్ కాడికి రా. నేనూ వస్తా."

ఇంటికెలా చేరానో తెలీదు. "కరుణా, కవరైపేట్టైకి పోయి రైలెక్కేద్దాం. గూడూరు పక్క యాడన్నా బతుకుదాం."

"కోడిని కోస్తే కండ్లు మూసుకుంటావు, నువ్వు చెవి కోసినావా? నేను రాను. రౌడీలతో నాకు సావాసం వద్దు."

ఇక పాస్టరయ్య దగ్గరికి పరుగెత్తాను. ఆయన అన్నం ముందు కూర్చుని ఉన్నాడు. నేను ఏడుస్తూ అంతా చెప్పేశాను. ఆయన చేతిలో ముద్ద అలాగే ఉండిపోయింది.

"అయితే ఆ రౌడీ ఎవరు?"

"తెలీదయ్యా. నాకూ వాడంటే భయమే."

ఆయన నవ్వలేదు. "మునిరత్నం, దేవుడు పిలిచింది నిన్ను. నువ్వు కల్పించినోడు ఎవడో ఆయనకి తెలీనే తెలీదు. వాడికి నేను బాప్తిస్మం ఎట్ల ఇచ్చేది?"

ఆ మాటకు నా ఏడుపు ఆగింది. నన్ను నన్నుగా ఎవరైనా కోరుకుంటారని నాకు అంతవరకు తోచనే లేదు.

సాయంత్రం ఆరాధనలో మళ్లీ మైకు పట్టుకున్నాను.

"నా పేరు మునిరత్నం. నేను ఎవురి చెవీ కోయలేదు. చిన్నప్పట్నించి నాకు అన్నీ భయమే. ఇంత పిరికోణ్ణి కూడా దేవుడు కావాలన్నాడు. భయం ఇంకా పోలేదు. కానీ భయపడేటప్పుడు నేను ఒంటిగా లేను. అంతే, ఇంకేమీ లేదు."

ఎవరూ స్తోత్రం అనలేదు. వెనకనుంచి ఏట్టయ్య లేచాడు. నేను రెండు చేతులూ ముందుకు చాపేశాను, బేడీలు వెయ్యమని.

"చేతులు దించు తంబీ! ఆ చెవి కేసు నేను కల్పించిందే. నా సర్వీసంతా తిరుత్తణి బస్టాండులోనే గడిచింది. పొద్దున నువ్వు వణికే వణుకు చూస్తానే తెలిసిపోయింది, ఏ రౌడీ అట్ల వణకడని. నిజం నీ నోట్లోంచే రానీ అని బెదిరించినా."

జనం నవ్వారు. నేనూ నవ్వాను, ఏడుస్తూనే. అంతలో సారాయిలో ఈదిన పెద్దాయన మెల్లగా చెయ్యెత్తాడు.

"పాస్టరయ్యా, నాదీ కొంచెం... సారాయి కాదు, కల్లు. ఒక్క ముంత. అదీ సగం ఒలికిపోయింది."

మరుసటి ఆదివారం బాప్తిస్మం తీసుకున్నాను, మునిరత్నంగానే. ఒట్లు పెట్టుకోవద్దని బైబిల్లో ఉందంటుంది కరుణ. కాబట్టి సభాముఖంగా తీర్మానం చేస్తున్నాను: ఇకమీదట ప్రాణం పోయినా సరే, నేను చేయని పాపం ఒక్కటి కూడా నా పేరున వేసుకోను. చేసినవే నాకు చాలు.