రెండు బస్తాల రంపపు పొట్టు

"జబ్బు పోగొడితే జీతమిస్తారు గానీ, తెప్పిస్తే ఇస్తారా ఎక్కడైనా?"

పరిశోధనశాలలో ఎలుకల గది ఉద్యోగానికి కుదిరిన రోజున పిన్నిని వాళ్ళక్క అడిగిన మాట ఇది. పరిశోధనశాలలో అందరికీ ఆమె పిన్నే. అక్కకి షుగరుంది, మనిషీ భారీ. పిన్ని చీపురుపుల్ల. "సన్నగా ఉన్నానని మురిసిపోకు, ఇద్దరిదీ ఒక్క రక్తమే" అని అక్క దెప్పుతూ ఉండేది.

నిజానికి ఆ గదిలో జబ్బు ఎవరూ తెప్పించలేదు. మామూలు ఎలుకల జంటకి పుట్టిన పిల్లల్లో నాలుగైదు వాటంతటవే గుమ్మడికాయల్లా ఊరాయి. తోక కొసనుంచి తీసిన రక్తాన్ని గొట్టంలో నిలబెడితే పైన మీగడలా కొవ్వు తేలింది. ఇక చక్కెర సంగతి చెప్పనక్కర్లేదు. పెద్ద డాక్టరు నేలమీద నిలవలేదు. మనుషుల జబ్బు అచ్చం అలాగే ఎలుకలో దొరికితే కొత్త మందులు దానిమీదే పరీక్షించి చూడొచ్చు. ఈ వంశం నిలబడితే గది నడుస్తుంది, పిన్ని ఉద్యోగం ఖాయమవుతుంది. నిలబడకపోతే గదికి తాళం, పిన్ని ఇంటికి.

ఏటా అక్కడ మూగజీవాల త్యాగం మీద ఉపన్యాసం జరిగేది. త్యాగమంటే తనంతట తాను ఇచ్చేది. ఎలుకని అడిగిందెవరు? పిన్ని ఆ సభకి పోకుండా బోనులు కడుక్కునేది.

కడగడానికి తక్కువేం ఉండేది కాదు. షుగరున్న ఎలుక సీసాడు నీళ్ళు తాగి, తాగిందంతా పోసేస్తుంది. పొద్దున పరిచిన రంపపు పొట్టు మధ్యాహ్నానికి ముద్ద. నెలకని ఇచ్చిన పొట్టు వారంలో హరీమనేది. అలాంటి రోజుల్లో డాక్టరు లావువాటితో పుట్టిన సన్న ఎలుకల్ని చూపించి, ఇవి దండగ, వదిలించెయ్యమన్నాడు. పిన్ని ఊరికే వదిలిస్తుందా? వీధి చివరి కళాశాలలో కుందేళ్ళని చూసుకునే పెద్దాయనతో బేరమాడి, సన్నవాటిని తల్లీతండ్రీతో సహా విద్యార్థులు జంతువుల్ని కోసి నేర్చుకునే క్లాసుకి ఇచ్చేసి, రెండు బస్తాల పొట్టు తెచ్చుకుంది. ఆ లాభం గురించి అక్క దగ్గర వారం రోజులు చెప్పుకుంది.

లావువాటిని జతకట్టారు. గూడు కట్టుకోమని కాగితం ముక్కలు వేశారు. పెళ్ళి చేశాం, కాపురం పెట్టించాం, కడుపు పండదేమిటని పిన్ని బోను బోనుకీ తిరిగింది. ఒక్క పిల్లా పుట్టలేదు. చివరికి ఒకరోజు డాక్టరు బోనుల ముందు స్టూలు మీద కూలబడ్డాడు.

"లావువాటికి పిల్లలు పుట్టరు పిన్నీ. ఈ జబ్బుని తరతరాలకీ మోసేవి సన్నవే. ఏవి అవి?"

"దండగన్నారు కదండీ."

"అన్నాను. నాకు బుద్ధి లేదు. ఎక్కడున్నాయి?"

అక్క దెప్పిన "ఒక్క రక్తమే" అన్న మాట పిన్ని చెవిలో గింగురుమంది. ఒంటిమీద ఏప్రనుతోనే వీధిలో పరుగెత్తింది.

కుందేళ్ళాయన తాపీగా బీడీ ఆర్పాడు. "ఇచ్చినవి అడుగుతున్నావు. మరి నా పొట్టు తెచ్చావా చెల్లెమ్మా?"

"అది తడిసి చెత్తకుండీలో పడిందన్నయ్యా. ఎన్ని మిగిలాయో చెప్పు ముందు."

నాలుగు మిగిలాయి, రెండు ఆడ, రెండు మగ. మర్నాటి క్లాసుకని విడిగా పెట్టినవే. బోను చేతిలో పెడుతూ, పొట్టు ఖరీదు మాత్రం ఎగ్గొట్టకన్నాడు ఆయన. జీతం రాగానే ఇస్తానంది పిన్ని.

ఒక జంటకి అన్నీ సన్నవే పుట్టాయి. రెండో జంట పిల్లల్లో ఒకటి నెల తిరగ్గానే ఊరడం మొదలుపెట్టింది. డాక్టరు దాన్ని అరచేతిలో పెట్టుకుని గదంతా తిరిగాడు. పిన్ని గుమ్మానికి ఆనుకుని కొంగుతో ముఖం తుడుచుకుంది. ఆ వంశంతోనే ఆమె ఉద్యోగమూ నిలబడి, పదవీ విరమణదాకా సాగింది.

అక్క ఇప్పుడు లేదు. సన్నగానే ఉన్నా పిన్నికీ షుగరొచ్చింది. మాత్ర వేసుకుంటూ "ఒక్క రక్తమే" అని నవ్వుకుంటుంది. వడ్రంగి కొట్టు ముందునుంచి వెళ్తే కాసేపు నిలబడిపోతుంది. కొత్త పొట్టు వాసనకి ఆ గదీ, సీసాల చప్పుడూ, డాక్టరు అరచెయ్యీ అన్నీ కళ్ళముందుకొస్తాయి.

కుందేళ్ళాయనకి ఆ రెండు బస్తాల డబ్బు ఇంకా బాకీ.