గుప్పిట్లో పత్తి గింజ

ఎనభైల్లో ఒక ఎండాకాలం, గురజాల కోర్టులో సాక్ష్యం చెప్పడానికి బస్సెక్కాను. మా మిరప కల్లానికి నిప్పు పెట్టినవాణ్ణి నేను కళ్ళారా చూశాను. వాడు జైలుకు పోతే తప్ప నాకు తిండి సహించదు. అయినా వాడి ఎదుట నోరు పెగులుతుందో లేదోనని భయం. కొంగు అంచున దారాలు పీక్కుంటూ కూర్చున్నాను.

పక్కన ఒక ముసలామె వత్తుల కోసం ఒళ్ళో పత్తి పెట్టుకుని గింజలు తీస్తోంది. కాసేపు చూసి, ఇంత పత్తి నా చేతిలో పెట్టింది.

"దీన్ని పీకు. చీరేం పాపం చేసిందమ్మాయ్?"

సంగతి చెప్పాను. ఆమె పని ఆపలేదు.

"ఒక గింజ గుప్పిట్లో పెట్టుకో. ప్లీడరు గద్దించినప్పుడల్లా నలుపు. మా తమ్ముణ్ణి పొడిచినోడికి నేనట్టాగే ఏడేళ్ళు ఏయించా."

సాక్షి బోనులో గింజ నలుపుతూ చూసిందంతా చెప్పేశాను. అప్పుడు తలెత్తి వాడి వంక చూశాను. వాడి వేళ్ళు కండువా అంచు పీకుతున్నాయి.

బస్సులో తీసి దోపుకున్న గింజలు అప్పటికింకా నా రొంటినే ఉన్నాయి. వాడికి ఒక్కటీ ఇవ్వాలనిపించలేదు. ఇప్పటికీ అనిపించదు.