వాచీలకు కీ ఇచ్చేవాళ్లు

ఆదివారం ఉదయం వాచీలకు కీ ఇవ్వడం నా పని. అన్నయ్య పెళ్లయ్యేదాకా ఆ సంగతి ఎవరూ పైకి అనలేదు, అనాల్సిన అవసరం కూడా రాలేదు. బాగ్‌బేరాలో నాన్నకిచ్చిన రైల్వే క్వార్టరు హాల్లో స్టీలు బీరువా ఉండేది. దాన్ని తెరిచి, పాత చీర ముక్క ఒకటి నేల మీద పరిచి, వాచీలు వరసగా పెట్టుకుని ఒక్కోదానికీ మెల్లగా కీ తిప్పేదాన్ని. లోపల స్ప్రింగు బిగుసుకోవడం వేలికి తెలుస్తుంది. ఒక చోట ఇంక చాలనిపిస్తుంది, అక్కడ ఆపాలి. వారానికోసారి నడిపిస్తే నూనె గట్టిపడకుండా ఉంటుందని అన్నయ్య నేర్పాడు.

ఈ ఊళ్లో పాతికేళ్లు పనిచేసినవాళ్లకి ఒకప్పుడు కంపెనీలు చేతి వాచీ బహుమతిగా ఇచ్చేవి. వెనక మూత మీద మనిషి పేరు, పనిచేసిన సంవత్సరాలు చెక్కి ఉండేవి. పెట్టుకున్నవాళ్లు పోయారు, కొడుకులు ఫోనులో టైము చూసుకుంటున్నారు. అలాంటి వాచీల కోసం కలకత్తాలో, ముంబైలో వెతికేవాళ్లున్నారనీ, ఏటేటా ధర పెరుగుతోందనీ అన్నయ్య ఎక్కడో చదివాడు. కార్ఖానా జీతంలో మిగిలినదంతా వాటి మీదే పెట్టడం మొదలుపెట్టాడు. నాన్న స్థలం కొనుక్కోమని ఎన్నిసార్లు చెప్పినా వినలేదు. "స్థలానికి కాపలా ఉండాల నాన్నా. ఇదైతే జేబులో పడతాది" అనేవాడు.

కొనడానికి వెళ్లినప్పుడు నన్ను బండి మీద తీసుకెళ్లేవాడు. మాంగో అనే పేటలో ఇరుకు సందుల్లో ఎవరింట్లోనో ఒక మూల కుర్చీలో అట్టపెట్టె ఒళ్లో పెట్టుకుని కూర్చునేదాన్ని. నోరు విప్పేదాన్ని కాదు. బేరమంతా అన్నయ్యే హిందీలో ఆడేవాడు. కానీ కొనేముందు వాచీ నా చేతికిచ్చి, "ఏటంటావే అమ్మీ?" అని మెల్లగా అడిగేవాడు. ముళ్లు ఒక కాలానివీ డయల్ ఇంకో కాలానిదీ అయితే నేను తల అడ్డంగా ఊపేదాన్ని. అంతే, లేచి వచ్చేసేవాళ్లం. ఇంట్లో గాని, చదువుకున్న కాలేజీలో గాని నా అభిప్రాయం కోసం ఎవరూ ఆగలేదు, ఆ గదుల్లోనే ఆగి చూశారు. వాచీల గురించి దొరికిందల్లా చదివింది కూడా ఆ ఒక్క తల ఊపు కోసమే.

వదిన ఖరగ్‌పూర్ అమ్మాయి. బిష్టుపూర్‌లో ఒక ఇన్సూరెన్సు ఆఫీసులో పని. కాపురానికి వచ్చిన నెలలోనే, రాత్రి అన్నాల దగ్గర, "వాచీలకి బీమా ఉందా ఏటి?" అని అడిగింది. ఇంటికి చేసిన మామూలు పాలసీలో ఇలాంటివి రావట. ఒక్కో వాచీకీ ఫొటో తీసి, తెలిసినవాళ్ల చేత విలువ కట్టించి, విడిగా రాయించాలట. ఇంత సొమ్ము పెట్టుబడి పెట్టి తాళం ఒక్కటే నమ్ముకుంటే ఎలాగని నవ్వింది. అన్నయ్య కలిపిన ముద్ద నోట్లో పెట్టుకోకుండా ఆమెనే చూస్తూ ఉండిపోయాడు. ఆ చూపు నాకు తెలుసు. నేను ముళ్ల తేడా పట్టినప్పుడు నాకేసి అలా చూసేవాడు. ఇన్నేళ్లు వాటితో గడిపి ఈ మాట నాకెందుకు తట్టలేదని ఆ రాత్రి డైరీలో రాసుకున్నాను. ఆమె గురించి ఒక మంచి మాట రాద్దామనుకున్నాను గాని చెయ్యి రాలేదు.

తర్వాత అన్నీ ఆమె చెప్పినట్టే జరిగాయి. బీరువా తాళం పడే గదిలో ఉండాలని దాన్ని వాళ్ల పడకగదిలోకి జరిపారు. హాల్లో బీరువా కాళ్ల గుర్తులు మాత్రం మిగిలాయి. ఆ ఆదివారం నేను లేచి, ముఖం కడుక్కుని, చీర ముక్క పట్టుకుని వాళ్ల తలుపు దాకా వెళ్లాను. తలుపు వేసి ఉంది. లోపల కీ తిప్పుతున్న చప్పుడు, మధ్యమధ్య ఇద్దరి నవ్వు. అన్నయ్య చెయ్యి అంత వేగంగా తిరగదు, ఆమె గబగబా తిప్పుతోంది. అంత తొందర ఆ వాచీలకి పనికిరాదు. అన్నయ్య ఏమీ అనడం లేదు. నేను ఒక్కసారి బలంగా తిప్పినందుకు నాతో రెండు రోజులు మాట్లాడని మనిషి. చీర ముక్క మడిచి వంటింట్లోకి వెళ్లి అమ్మకి ఉల్లిపాయలు తరిగిపెట్టాను.

అదే నెలలో ఒక పెళ్లికి ఆమె మీగడ రంగు డయల్ వాచీ పెట్టుకుని వచ్చింది. దాన్ని పెట్టుకుంటానని నేనెప్పుడో అడిగితే నీ మణికట్టు సన్నం, జారిపోతాదని అన్నయ్య అన్నాడు. ఆమె మణికట్టు నాకన్నా సన్నం. పెళ్లిలో తిన్నంతసేపూ కళ్లతో దాన్నే కొలుచుకుంటూ కూర్చున్నాను.

విలువ కట్టడానికి కలకత్తా నుంచి ఒక పెద్దాయన వచ్చే ముందురోజు వదిన ఇంకో సంగతి చెప్పింది. వాచీలు తీసేవాళ్లు, పెట్టుకునేవాళ్లు ఎవరెవరో పాలసీలో పేర్లు ఉండాలి. పేరు లేనివాళ్ల చేతిలో ఏదైనా అయితే కంపెనీ ఇవ్వదు. అందరూ విన్నారు. నాకు మాత్రం ఆ రాత్రంతా ఒకటే ఆలోచన. నా పేరు లేకపోతే ఇక బీరువా వైపు చూసే వీలే ఉండదు. అడగాలని రెండుసార్లు అన్నయ్య దగ్గరకి వెళ్లి, మంచినీళ్లు కావాలా అని అడిగి వచ్చేశాను.

పెద్దాయన హాల్లో బల్ల మీద తెల్లగుడ్డ పరిపించుకుని, కంటికి భూతద్దం తగిలించుకుని, ఒక్కో వాచీ వెనక మూత తీసి చూశాడు. అన్నిటికన్నా విలువైనదని అన్నయ్య దాచుకున్నదాన్ని చూస్తూ ఆగాడు. చెక్కిన అక్షరాల సందుల్లో ఎర్రటి పొడి ఉంది. అన్నయ్య ముఖం మాడిపోయింది. అది కుంకుమ. పనిముట్లకి చేసే విశ్వకర్మ పూజ నాడు అమ్మ అన్నయ్య పానాలతో పాటు వాచీలన్నీ బోర్లా పెట్టి, అద్దాలకి అంటకూడదని వెనక మూతల మీద బొట్టు పెడుతుంది. ఏటా పెట్టినదే పేరుకుపోయింది. ఇప్పుడే శుభ్రం చేసేస్తానని అన్నయ్య బ్రష్షు కోసం లేచాడు. ముట్టుకోవద్దని పెద్దాయన గట్టిగానే చెప్పాడు. రుద్దితే అక్షరాల అంచులు అరుగుతాయి, అప్పుడే విలువ పడిపోతుంది, పొడి వల్ల కాదు. ఇంట్లో వీటి మీద ఎవరెవరి చేతులు పడుతున్నాయో ముందు తేల్చుకోండి అన్నాడు. కాగితం దగ్గరకి లాక్కుని, "చాబీ కౌన్ దేతా హై?" అని, కీ ఇచ్చేదెవరో అడిగాడు.

నేను వంటింటి గుమ్మంలో టీ పళ్లెంతో నిలబడి ఉన్నాను. అన్నయ్యకి నేను కనిపిస్తూనే ఉన్నాను.

తనూ, తన భార్యా అని అన్నయ్య హిందీలో చెప్పాడు.

ఆయన రాసుకుంటున్నాడు. వదిన అన్నయ్య వైపు తిరిగి తెలుగులో అంది. "చెల్లెల్ని వదిలేశారేటండీ. ముందు నుంచీ తనే కదా కీ ఇచ్చేది."

"దానికెందుకిప్పుడు? రేపు పెళ్లయి ఎల్లిపోతే మళ్లీ పేరు తీయించాల."

"తీయించినప్పుడు తీయించుకుందురు. ఇప్పుడైతే రాయించండి."

అన్నయ్య భుజాలెగరేశాడు. వదినే పెద్దాయనకి నా పేరు చెప్పింది. మూడోది. టీ పళ్లెం బల్ల మీద పెట్టాను. కావాల్సింది దొరికింది. ఆమెకి చేతులు జోడించాల్సింది. కానీ నా చోటు నాకు ఇప్పించగలిగినంత హక్కు ఆమెకి ఎప్పుడొచ్చిందా అనే నేను ఆలోచిస్తున్నాను. అన్నయ్య మరిచిపోయాడనుకుంటే ఇంత బాధ ఉండేది కాదు. అన్నయ్య మరిచిపోలేదు. ఆమె ఒక్కసారైనా నాతో కరుకుగా మాట్లాడి ఉంటే బాగుండేది. ఆ మాట ఒకదాన్నే పట్టుకుని కోపం తెచ్చుకునేదాన్ని.

పెద్దాయన వెళ్లాక వాచీలు బీరువాలో సర్దాలి. అన్నయ్య తమ గదిలో మంచం మీద కూర్చుని ఒక్కోదాన్నీ మెత్తటి గుడ్డలో తుడిచి పక్కకి అందిస్తున్నాడు, తల ఎత్తకుండా. వదిన అందుకుని, "రా అమ్మా, నువ్వు పెట్టు, నీకే తెలుసు ఏది ఎక్కడో" అని నన్ను పిలిచింది. వెళ్లి బీరువా ముందు కూర్చున్నాను. అన్నయ్య చేతిలోంచి వదిన చేతిలోకి, వదిన చేతిలోంచి నా చేతిలోకి. నా దగ్గరకి వచ్చేసరికి ఒక్కో వాచీ వెచ్చగా ఉంది.