పుల్లలు, కొక్కేలు, మా ప్రూఫ్ అప్ప

మా ప్రూఫ్ అప్ప పోయిందని ఆఫీసు వాట్సాప్ గ్రూపులో చూసినప్పుడు నేను ఏడవలేదు. నమ్మలేదు. మా గ్రూపు సంగతి నాకు తెలుసు. సింహాచలం మెట్ల మీద కాలు బెణికిన పెద్దాయన ఫొటోకి ఇదే గ్రూపు పోయినేడాది దండ వేసి చేతులు జోడించింది. మూడోనాడు ఆయనే ఫోన్ చేసి అందరికీ తలంటాడు. అందుకని నేరుగా అప్ప కూతురికి ఫోన్ చేశాను.

“అవునన్నియ్యా, పొద్దున్న ఆరింటికి. కాఫీ కలిపి ఇత్తే గ్లాసు పట్టుకుంది. తాగనేదు” అంది.

రూఢి చేసుకున్నాకే ఏడ్చాను. ఆ వరస నాకు నేర్పింది కూడా అప్పే.

అప్ప అంటే మా ఉత్తరాంధ్రలో అక్క. ఆవిడ నా తల్లి కంటే పెద్దది, అయినా ఆఫీసులో అందరికీ అప్పే. చిన్నతనంలో వన్ టౌన్‌లో ఒక ప్రెస్సులో సీసపు అక్షరాలు ఏరి పేర్చేదట. ఆ ప్రెస్సు మూతపడ్డాక ప్రూఫులు దిద్దింది. చివరి ఎనిమిదేళ్లూ గాజువాకలో టైర్ల షాపు మీద ఉన్న మా న్యూస్ వెబ్‌సైట్‌లో పనిచేసింది. నేను అక్కడ రిపోర్టర్ని. పరవాడ, అచ్యుతాపురం ఫ్యాక్టరీల వార్తలు నావి.

ఆవిడ పనిలో ఒక పట్టింపు ఉండేది. ఎవరైనా అన్న మాటకి ముందూ వెనకా పెట్టే కొటేషన్ గుర్తులు కీబోర్డు మీద నొక్కితే నిటారుగా రెండు గీతలు పడతాయి. పుస్తకాల్లో అలా ఉండవు, వంపు తిరిగి ఒకటి తెరుచుకుంటుంది, ఒకటి మూసుకుంటుంది. వెబ్‌లో చాలామంది నిటారు గీతలతో సరిపెట్టేస్తారు. అప్ప వాటిని పుల్లలు అనేది, వంపు తిరిగిన వాటిని కొక్కేలు అనేది. ఒక చేత్తో ఆల్ట్ మీట నొక్కిపట్టి, రెండో చేత్తో సున్నా, ఒకటి, నాలుగు, ఏడు కొడితే తెరిచే కొక్కెం. చివర ఏడు బదులు ఎనిమిది కొడితే మూసేది. కీబోర్డు వైపు చూసేది కాదు. ఆ టకటక గదంతా వినిపించేది.

నాకు పుట్టుకతో వచ్చిన గుణం ఒకటుంది, అనుమానం. మా ఆవిడ అందరి ముందూ అనేస్తుంది, “ఈయనకి పాలోడు నవ్వినా అనుమానమే, నవ్వకపోయినా అనుమానమే” అని. అలాంటివాణ్ని కాబట్టి ఒక సంగతి పసిగట్టాను. గుడి వార్తలు రాసేవాడి మాటలన్నిటికీ కొక్కేలు పడేవి. నా వార్తల్లో చాలా చోట్ల పుల్లలు పుల్లలుగానే మిగిలిపోయేవి. ఈవిడకి నా మీద ఏదో ఉంది అనుకున్నాను. స్క్రీన్‌షాట్లు తీసి దాచడం మొదలుపెట్టాను.

మా సైటు నడిపే సహోద్యోగి ఉన్నాడు, నాకు చుట్టం కాదు గానీ ఇద్దరం బావా అనే పిలుచుకుంటాం. ఒక్క నొక్కుతో అన్ని పుల్లల్నీ కొక్కేలుగా మార్చేసే ఏర్పాటు చేస్తానన్నాడు. అప్ప ఒప్పుకోలేదు. “అన్నింటికీ మిషనే కొక్కేలు తగిలించీస్తే, మనం ఇన్నదేది, ఇననిదేది?” అంది. ముసలి చాదస్తమని ఇద్దరం నవ్వుకున్నాం.

భోజనాల వేళ ఆవిడ ఫోను, ఒక కాగితం పట్టుకుని మెట్ల మీదికి వెళ్లేది. ఒకరోజు బావని లాక్కెళ్లి తలుపు వెనక నిలబడ్డాను.

“మా రిపోర్టరు అలగ రాసినాడు బాబూ. మీరు అన్నారా, నేదా? నిజం సెప్పండి” అంటోంది అప్ప.

“సూసినావా బావా, మన కబుర్లు కంపెనీవోల్లకి మోసేత్తంది” అన్నాను నేను.

“ఊరుకో బావా, నీకు గోడ మీద బల్లి కూడా సీఐడీయే” అన్నాడు వాడు.

నవ్వాడు గానీ నాకు నవ్వు రాలేదు.

రెండేళ్ల కిందట పరవాడ దగ్గర ఒక ఫ్యాక్టరీలో మంటలు లేచి ఒక కార్మికుడు పోయాడు. నేను ఆసుపత్రికి పరిగెత్తాను. అతని భార్య వరండాలో బెంచీ మీద కూర్చుని ఉంది, ఒళ్లో గుడ్డసంచి. నాలుగుసార్లు అడిగాను. నోరు తెరవలేదు. అవతల మిగతా సైట్లవాళ్లు అప్పటికే వార్త పెట్టేస్తున్నారు. నేను ఫోన్‌లోనే టైపు చేసేశాను: "నా మొగుణ్ని కంపెనీయే పొట్టనపెట్టుకుంది, ఎవర్నీ వదిలిపెట్టను" అంటూ ఆమె బోరున విలపించారు, అని. ఆ స్థితిలో ఎవరైనా అదే కదా అంటారు, అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను.

సాయంత్రం అప్ప నా కుర్చీ దగ్గరికి వచ్చింది. “తమ్ముడూ, ఇది ఇన్నోల్లెవరు?” అంది. కొత్త మాటేం కాదు, రోజూ అందరినీ అడిగేదే.

“నానే ఇన్నానప్పా” అన్నాను.

ఓ క్షణం నా మొహంలోకి చూసి వెళ్లిపోయింది. ఆ తర్వాత టకటక వినిపించలేదు. వార్త పుల్లలతోనే సైటులోకి వెళ్లింది. వార్త ఆపే అధికారం అప్పకి లేదు. కొక్కెం తగిలించకపోవడం ఒక్కటే ఆవిడ చేతిలో ఉంది.

మర్నాడు పొద్దున్నే స్క్రీన్‌షాట్లన్నీ పట్టుకుని ఎడిటర్ గారి గదిలోకి వెళ్లాను. నా వార్తల్ని కావాలని తక్కువ చేస్తోందనీ, ఫ్యాక్టరీలకి ఫోన్లు చేస్తోందనీ ఫిర్యాదు చేశాను. “ఆవిడ ఇవాళ సెలవు. రేపు రానీ, అడుగుదాం” అన్నారాయన. సెలవెందుకు? బయటికొచ్చి అడిగితే, పరవాడ బస్సెక్కుతుంటే చూశానన్నాడు బావ. దొరికింది దొంగ అనుకున్నాను. సిగ్గు లేకుండా చెబుతున్నాను, ఆ రోజు నాకు చాలా సంతోషంగా ఉంది.

తర్వాతి రోజు ఎడిటర్ గారు పిలవకముందే అప్ప నా బల్ల దగ్గరికి వచ్చింది. బావ పక్కనే ఉన్నాడు.

“ఆయమ్మ కాడికి ఎల్లినాను తమ్ముడూ. నువ్వు రాసింది సదివి ఇనిపించాను. నాననలేదమ్మా అంది. ఆయమ్మ తమ్ముడు అదే కంపెనీలో సేత్తన్నాడంట. మీ అప్ప మామీద కేసెడతాదేటని నిన్న గేటు కాడే ఆపీసి ఇంటికి తోలీసినారు.”

“నానెంత అడిగినా మాట్లాడనేదప్పా” అన్నాను.

“మాట్లాడనోల్ల నోట్లో మాటెట్టడానికి మనమెవరం?”

ఒక చీటీ నా ముందు పెట్టింది. ఆమె నిజంగా అన్న మాట అప్ప చేతిరాతలో ఉంది. “పొద్దున్న క్యారేజీ మర్సిపోనాడు. నాను గేటు కాడికి పట్టుకెల్లేతలికి లోపలికెల్లిపోనాడు. ఆ అన్నం నా కాడే ఉండిపోనాది.”

ఒళ్లో ఆ గుడ్డసంచి నేను కళ్లారా చూశాను. అందులో ఏముందమ్మా అని అడగాలన్న బుద్ధి పుట్టలేదు.

“ఎడిటరు గారికి సెప్పీసినావా అప్పా?” అన్నాను.

“నీ నోరు నీకుంది గదా” అంది.

ముందురోజు ఎవరి మీద ఫిర్యాదు చేశానో ఆవిడ ముందే, అదే గదిలో, తలదించుకుని నా తప్పు చెప్పుకున్నాను. ఆ మాట ఆమె అనలేదు, రిపోర్టరే కల్పించాడు అని నా పేరుతో సవరణ పెట్టాం. దాన్ని ప్రింటు తీసి ఆమె తమ్ముడు కంపెనీ గేటు దగ్గర చూపించుకున్నాడు. వారం తిప్పించుకుని మళ్లీ పనిలోకి తీసుకున్నారు. అప్ప నన్ను వెంటబెట్టుకుని పరవాడ తీసుకెళ్లింది. చీటీలో ఉన్నది నాచేత చదివించింది. ఆమె విని, “అవును, ఇది నానన్నదే” అంది. ఆఫీసుకి వచ్చాక టకటక వినిపించింది.

అప్పటికి గానీ నాకు బోధపడలేదు. మెట్ల మీద ఫోన్లన్నీ ఇందుకే. మాట అన్నవాళ్లకి దాన్ని తిరిగి వినిపించి, వాళ్లు అవునంటేనే కొక్కెం. గుడి వార్తలవాడు ప్రతి మాటా రికార్డు చేసి తెచ్చేవాడు, అందుకే వాడికి పడేవి. నా మీద ఆవిడకి ఏమీ లేదు. నా ఫిర్యాదు గురించి ఎడిటర్ గారు చెబితే పడీపడీ నవ్వింది. “అనుమానం మంచిదే తమ్ముడూ. కాపోతే ముందు నీ మీద పడాల” అంది.

ఆ తర్వాత రెండేళ్లూ నేనే ఫోన్లు చేసి, వినిపించి, వార్త ఇచ్చేవాణ్ని. అయినా అప్ప వచ్చి అడిగేది, ఇన్నోల్లెవరు అని. ఒక్కరోజైనా అడగకుండా నా మాట తీసుకుంటుందేమోనని ఎదురుచూశాను. చిన్నపిల్లాడిలా ఎదురుచూశాను. తీసుకోలేదు.

కిందటి నెల అప్ప ఒంట్లో బాగాలేక ఇంట్లోనే ఉంటే, కంచరపాలెంలో వాళ్లింటికి వెళ్లాను. కూతురు మందుల షాపుకి వెళ్లింది. అప్ప మంచం మీద కూర్చుని ఫోన్‌లో నా అచ్యుతాపురం వార్త చదువుతోంది. నన్ను చూసి అంది: "తమ్ముడూ, నీ మాటకి ఇంక నాను ఫోన్ సెయ్యక్కర్నేదు." తర్వాత మంచినీళ్లు అడిగింది. ఇచ్చాను.

చర్చిలో ప్రార్థన రోజున చాలామంది లేచి, అప్ప నాతో ఇలా అంది, అలా అంది అని చెప్పారు. ప్రతి ఒక్కరినీ అనుమానంగానే చూశాను. మరి నా సంగతేమిటి?

ఇది రాశాక ఇందులోని మాటలన్నీ అప్ప కూతురికి, ఎడిటర్ గారికి, బావకి, మా ఆవిడకి, పరవాడలో ఆమెకి, ఎవరు విన్నది వాళ్లకి చదివి వినిపించాను. వాళ్లు అవునన్నాక ఒక్కొక్కదానికీ కొక్కేలు తగిలించాను. రెండే మిగిలాయి. ఒకటి నేను కల్పించింది. రెండోది ఆ రోజు కంచరపాలెంలో అప్ప నాతో అన్నది. విన్నవాణ్ని నేనొక్కణ్నే. అది నిజం కావాలని నాకంటే ఎక్కువ కోరుకునేవాడు లేడు. అలాంటి సాక్షిని అప్పయితే నమ్మేది కాదు.

ఇవాళ అప్ప కుర్చీలోనే కూర్చున్నాను. ఆవిడ కీబోర్డు మీద సున్నా, ఒకటి, నాలుగు, ఏడు, ఎనిమిది అరిగిపోయి తెల్లగా ఉన్నాయి. వేలు ఆల్ట్ మీద పెట్టాను. బావ వెనక నిలబడి ఉన్నాడు.

“తగిలించీ బావా. ఇంకెవరడుగుతారు?” అన్నాడు.

వేలు తీసేశాను. అప్ప మాట ఆ రెండు పుల్లల మధ్యే ఉంది.