డిక్కీ మీది గుండు దెబ్బలు

యుద్ధకాలపు పెద్ద కార్ల గురించి మా జిల్లాలో చెప్పుకునే కథలు చాలానే విన్నాను. ఒక్కటీ నిలబడదు. వాటన్నిటిలోకీ హీనమైనది మైపాడు కారు కథ.

పందొమ్మిది వందల యాభైల చివర్లో మైపాడులో, సముద్రానికి దగ్గరగా, ఒక తాటాకు షెడ్డు కింద పొడవాటి నల్ల విదేశీ కారు ఉండేది. యుద్ధంలో ఒక తెల్ల సేనాపతి అందులో మద్రాసు నుంచి వస్తుంటే జపాను విమానం కాల్చిందట. గుండ్లు వెనక డిక్కీలో దిగాయట గానీ దొరకు గీత కూడా పడలేదట. కాబట్టి ఆ కారెక్కినవాడికి చావు భయం లేదట. నెల్లూరు నుంచి బస్సెక్కి వచ్చి మరీ జనం ఆ బెజ్జాల్లో వేలు పెట్టి చూసేవారు. చదువుకున్నవాళ్లయితే రెండు వేళ్లు.

నవ్వుకుని ఊరుకునేవాణ్ణే. కానీ బుచ్చిరెడ్డిపాలెంలో ఉండే మా బావ, అంటే మా అక్క భర్త, ఆ కారు కొంటానన్నాడు. చేతిలో డబ్బు లేదు. పెళ్లినాడు మా నాయన అక్కకు పసుపు కుంకుమల కింద రాసిచ్చిన కాలువ కింది మడి అమ్మాలి. రెండు పంటలు పండే నేల. అక్కకు తనదంటూ ఉన్నది అదొక్కటే. ఆమె సంతకం లేకుండా అది చేయి మారదు. సంతకం పెట్టేముందు ఆ కారేమిటో తన కళ్లతో చూడాలంది, నన్నూ తోడు రమ్మంది. ముగ్గురం వెళ్లాం.

కారు అమ్మిపెట్టే దళారి కథ ఎత్తుకున్నాడు. మొదట్లో సేనాపతిగా ఉన్న దొర చివరికొచ్చేసరికి గవర్నరయ్యాడు. బావ రెంటికీ తలూపాడు.

నేను టేపు తీసి కొలిచాను. బెజ్జాలు నాలుగు, నాలుగు మూలలా సమానమైన ఎడం. అంచులు నున్నగా ఉన్నాయి. ఒక్కోదాని చుట్టూ వాషరు ఒత్తుకున్న గుండ్రటి గుర్తు. విమానంలోని వాడు కొలబద్ద పట్టుకుని కాల్చి, కిందికి దిగి వాషర్లు కూడా బిగించి పోయాడన్నమాట.

అవి బొగ్గు గ్యాసు డబ్బా బిగించిన బెజ్జాలు. యుద్ధంలో పెట్రోలుకు రేషను. అందుకని బస్సులకూ ఉన్నవాళ్ల కార్లకూ వెనక పొయ్యిలాంటి డబ్బా ఒకటి తగిలించి, బొగ్గు మండించి, ఆ గ్యాసుతో నడిపేవారు. యుద్ధం అయిపోయాక డబ్బాలు ఊడదీశారు, బెజ్జాలు మిగిలాయి. ఇది నేను కనిపెట్టిన రహస్యమేమీ కాదు. ముప్పై దాటిన ప్రతివాడూ ఆ బస్సులెక్కి మసి కొట్టుకుని దిగినవాడే. ఇంతలోనే మసిని మరిచిపోయి, ఎన్నడూ పేలని గుండ్లను గుర్తు తెచ్చుకున్నారు. మన జిల్లా మీద ఒక్క బాంబూ పడలేదన్న నామోషీ కాబోలు.

ఆ మాటే చెప్పాను. బావ ముఖం ముడుచుకున్నాడు.

"నువ్వు యుద్ధంలో ఉన్నావా అబ్బయ్యా, బెజ్జం చూసి చెప్పేదానికి?"

"లేను బావా. బుచ్చి బొగ్గు బస్సులో ఉన్నాను."

దళారి సముద్రం వైపు తిరిగి దగ్గాడు. అక్క వంగి డిక్కీ వైపు చాలాసేపు చూసింది. తర్వాత బావను అడిగింది.

"పెళ్లికి మీరొచ్చిన బస్సు వెనక ఉన్నిందే, అట్టాంటి డబ్బా గుర్తులే గదా ఇవి? పంచెంతా మసి చేసుకోని దిగినారు. మా నాయన తన పంచె ఇస్తే అది కట్టుకోని పీటల మీద కూర్చున్నారు. నేను మర్చిపోలా. నా మడి నేను అమ్మను."

తిరుగు బస్సులో బావ మాకు దూరంగా, డ్రైవరు పక్కన కూర్చున్నాడు. ఆ రాత్రి నేను డైరీలో బెజ్జాల బొమ్మ గీసుకుని, కొలతలు వేసుకున్నాను. బావ కొలతలు చూసి మారే మనిషి కాడని అప్పటికే తెలుసు.

ఆ ఏడు అక్క మడి బాగా పండింది. కోతల నాడు వెళ్లాను. బావ గట్టు మీద నిలబడి, పెళ్లాం అడ్డుపడకపోతే తన గుమ్మంలో ఉండాల్సిన సేనాపతి కారు గురించి కోత మనుషులకు చెబుతున్నాడు. గుండ్లు అప్పటికి ఆరయ్యాయి.